మందల తాత వేషం కట్టినప్పుడు

నేను బస్సు కండక్టరును. గిద్దలూరు నుంచి రాచర్ల మీదుగా పల్లెల్లోకి తిరిగే బస్సు నాది. నాది అంటే డ్రైవరుకు కోపం. అయినా ఎక్కేవాళ్లను లోపలికి జరపడం, దిగేవాళ్లకు దారి ఇప్పించడం, కిటికీ సీటు కోసం వచ్చే తగాదాలు తీర్చడం అన్నీ నా నెత్తినే పడతాయి గనక ఆ మాట వెనక్కి తీసుకోను. సెలవు రోజుల్లో నాటకాలాడతాను. మార్కాపురం తిరునాళ్లకైనా, బేస్తవారిపేట పక్క పల్లెల్లో జాతరకైనా, పిలిస్తే చాలు, కిరీటం పెట్టెలో పెట్టుకుని బయల్దేరతాను. నా గొంతు మైకు లేకపోయినా ఆఖరి వరస దాకా వినపడుతుంది. అది సాధనతో వచ్చిందని నేనంటాను. బస్సులో అరిచి అరిచి వచ్చిందని మా ఇంటామె అంటుంది.

ఇన్నేళ్లు స్టేజీ ఎక్కినా సినిమాలో కనపడాలన్న ఆశ ఒకటి లోపల ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. అట్లాంటిది ఆ మధ్య విజయవాడ నుంచి వచ్చిన ఒక కుర్ర డైరెక్టరు నా నాటకం చూసి, మర్నాడు నా బస్సెక్కి, ఆఖరి స్టాపు దాకా టికెట్టు కొట్టించుకుని, అక్కడ దిగకుండా మళ్లీ నాతోపాటే గిద్దలూరు వచ్చాడు. మందల తాత మీద సినిమా తీస్తున్నానని, ఆ వేషానికి నేనే కావాలని చెప్పాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆ ఆలోచనంతా టికెట్ మిషను సంచిలో పెట్టేలోపే అయిపోయింది.

మందల తాతకు అసలు పేరుంది, ఇంటిపేరుంది. కానీ మా వైపు ఆయన్ని ఎవరూ పేరుపెట్టి అనరు, నేనూ అనను. తెల్లదొరల కాలంలో, వానలు లేక చేలన్నీ ఎండిపోయిన ఏడు, నల్లమలలో గొర్రెలు మేపకూడదని కట్టడి పెట్టారట. దొడ్లలో గొర్రెలు ఒక్కొక్కటే పడిపోతుంటే ఈయన చూసి చూసి, ఊరి మందలన్నీ ఒకచోట చేర్చి, పట్టపగలు అడవిలోకి తోలాడు. గార్డులు వచ్చేసరికి కొండవాలున గొర్రెలన్నీ మేస్తున్నాయి, ఈయన రాయి మీద కూర్చుని ఉన్నాడు. నన్ను పట్టుకోండి, వాటిని మాత్రం కడుపు నిండా తిననియ్యండి అన్నాడట. పట్టుకుపోయారు. ఆయన జైల్లో ఉండి తిరిగొచ్చిన కథ మా వైపు పిల్లలకు అన్నం తినిపిస్తూ చెబుతారు.

నేను ఆ వేషం కడుతున్నానన్న సంగతి ఒక్క ట్రిప్పులో రాచర్ల దాటిపోయింది. ఆడవాళ్లకు టికెట్టు ఉచితమైన దగ్గర్నుంచి మా బస్సులో సీట్లన్నీ వాళ్లవే, మాటలన్నీ వాళ్లవే. మందల తాతకు మీసం గుబురుగా ఉండేదని ఒకామె చెబితే, మీసమే లేదు, మశూచి మచ్చలుండేవని వెనక సీటు నుంచి ఇంకొకామె. కుడికాలు కొంచెం ఈడ్చేవాడని ఒక ముసలాయన నడిచి కూడా చూపించబోయి, బ్రేకు పడి ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్నాడు. నీ పొట్ట చూస్తే కరువుకాలం మనిషివని ఎవరు నమ్ముతారు కండక్టరన్నా అని ఒకామె అడిగింది. అది నిజమే గనక నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి రాత్రిపూట సంగటి మానేసి మజ్జిగ తాగాను.

తర్వాత డైరెక్టరు నాకు సీన్లు చెప్పాడు. చాలా బాగున్నాయి. అన్నిటికన్నా బాగున్నది తమ్ముడి సీను. కథలో మందల తాతకు ఒక తమ్ముడున్నాడు. అన్న ఏ దారిన మందను తోలతాడో గార్డులకు చెప్పి పట్టించింది వాడే. అన్న జైలు నుంచి వచ్చి, ఊరందరి ముందు తమ్ముడి ముఖాన ఉమ్మి, మందను రెండుగా చీల్చుకుని వెళ్లిపోతాడు. నాకు వినగానే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. స్టేజీ మీద నాకు చప్పట్లు పడేదే కోపంలో. ఇంట్లో అద్దం ముందు నిలబడి ఆ ఉమ్మే సీను సాధన చేశాను. మా ఇంటామె వచ్చి చూసి, అద్దం ఎవరు తుడవాలో అడిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఒక సంతరోజున రాచర్ల దగ్గర ఒక పెద్దాయన ఎక్కాడు. భుజాన కంబళి, చేతిలో కర్ర, ఒక కంటికి పొర. ఎప్పుడూ ఎక్కే మనిషే. టికెట్టు తీసుకున్నాక కూడా నా చెయ్యి వదల్లేదు.

"నువ్వు సినిమాలో మా తాత ముఖాన ఉమ్ముతావంట గదా నాయనా," అన్నాడు.

ఆయన మందల తాత తమ్ముడికి మనవడని నాకు అప్పటిదాకా తెలియదు. ఎక్కేవాళ్ల ఊరు చూస్తాం, దిగేచోటు చూస్తాం, ఎవరికి ఎవరేమవుతారో ఎక్కడ చూస్తాం. ఆయన కోపంగా అడగలేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. కోపంగా అడిగితే నేనూ అరిచి ఉండేవాణ్ణి.

తర్వాత ఆయనే నెమ్మదిగా చెప్పాడు. పట్టించినవాళ్లు ఎవరూ లేరట. పట్టపగలు అందరూ చూస్తుండగా తోలిన మందను ఒకరు పట్టించేదేముంది అన్నాడు. అన్న జైల్లో ఉన్నన్నాళ్లు రెండు ఇళ్ల మందల్నీ వాళ్ల తాతే కాచాడట. సొంత పిల్లలకు గంజి పోసి గొర్రెల్ని బతికించాడట. ఇప్పటికీ అన్న వంశం, తమ్ముడి వంశం ఒకే వీధిలో ఉంటారు, ఒకరింట్లో పెళ్లయితే రెండు ఇళ్లకూ సున్నం వేస్తారు.

"సినిమా అంటే ఊరూరా చూస్తారు. మా పిలగాండ్లు యాడికి పోయినా వాని మనవళ్లే గదరా అంటారు. నీకు చెప్పాలనిపించింది, చెప్పినా," అని స్టాపు రాగానే దిగిపోయాడు.

ఆ రోజంతా నా లెక్క కుదరలేదు. నేను స్టేజీ మీద ఎంతమందిని తిట్టాను, ఎంతమంది తొడలు విరగ్గొట్టాను. కానీ పురాణాల్లో ఎవర్ని తిట్టినా వాళ్ల మనవళ్లు మర్నాడు నా బస్సెక్కరు. ఈయన ఎక్కాడు, టికెట్టు తీసుకున్నాడు, నన్ను నాయనా అన్నాడు. మీసం ఉండాలా వద్దా అని ఇన్నాళ్లూ కొట్టుకున్నానే గాని, ఆ వేషంలో నేను ఎవరి ఇంటి మీద పడుతున్నానో ఒక్కసారి కూడా అనుకోలేదు.

సాయంత్రం డ్యూటీ దిగి డైరెక్టరు ఉన్న లాడ్జికి పోయాను. సంగతి చెప్పాను. అతను మంచివాడే, శ్రద్ధగా విన్నాడు, టీ తెప్పించాడు. కానీ ఒప్పుకోలేదు. తెల్లదొర తెర మీద రెండు నిమిషాలు కూడా ఉండడు, గార్డులు జీతాలకు పనిచేసేవాళ్లు, ఇక కరువును కొట్టలేం, తిట్టలేం, మరి జనం కోపం ఎవరి మీద పెట్టుకోవాలి అని అడిగాడు. చూసేవాడికి ఒక శత్రువు కావాలన్నా అన్నాడు. ఆ మాట నిజమేనని నాకూ తెలుసు. ఎందుకంటే నా చప్పట్లన్నీ అట్లాంటి శత్రువులు పెట్టిన భిక్షే. తమ్ముడి పేరు మారుస్తానని మాత్రం అన్నాడు. మందల తాతకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, పేరు మారిస్తే ఎవరికి తెలియదు అన్నాను. చూద్దాంలే అన్నా అన్నాడు. నేనూ చూద్దాంలే అనుకుని ఇంటికొచ్చాను. వేషం పోతుందేమోనన్న భయం నాకు బాగా ఉంది, ఆ మాట దాచుకోవడం ఎందుకు.

షూటింగు రాచర్ల అవతల, కొండ కింద బీడులో పెట్టారు. నేను సెలవు పెట్టుకుని పోయాను. పొట్ట కొంచెం తగ్గింది, మిగిలినదాన్ని కంబళి చూసుకుంది. మీసం సగం గుబురుగా పెట్టి అందరినీ సమానంగా నిరాశపరిచారు. రాయి మీద కూర్చున్న సీను మొదట తీశారు. గొర్రెల కోసం అన్న ఇంటి నుంచి ఒక మందను, తమ్ముడి ఇంటి నుంచి ఒక మందను తోలుకొచ్చారు. వెంట రెండు ఇళ్ల ఆడవాళ్లు, సద్దిమూటలు, నవ్వులు. నేను వేషంలో వాళ్ల ముందు నడిస్తే, అన్న వంశంలోని ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి పైట సర్దుకుంది. అది హాస్యానికి కాదు. పెద్దవాళ్లు ఎదురైతే ఆడవాళ్లు చేసే పని అది. ఆమె కంటే నేను చాలా చిన్నవాణ్ణి.

తర్వాత మందను చీల్చే సీను మొదలుపెట్టారు. నేను నా గొర్రెల్ని కుడివైపు తోలుకుపోవాలి, తమ్ముడి వేషం కట్టిన మనిషి తన గొర్రెల్ని ఎడమవైపు తోలాలి. పైనుంచి డ్రోన్ తీస్తుంది. యాక్షన్ అన్నారు. నేను కర్ర ఎత్తి అదిలించాను. రెండు మందలూ కలిసి నా వెంట వచ్చాయి. మళ్లీ వెనక్కి తోలి మళ్లీ చేశాం. ఈసారి అన్నీ తమ్ముడి వెంట పోయాయి. మధ్యలో తాడు కట్టారు, కింద నుంచి దూరాయి. డ్రోన్ కిందికి దిగితే బెదిరి ఒక్క గుంపై, లైట్ల వ్యానును చుట్టుకుని నిలబడ్డాయి. ఒక పొట్టేలు డైరెక్టరు కుర్చీ దగ్గరికి పోయి కాగితాలు నమలడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయారు. డైరెక్టరు టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

మంద సంగతి తర్వాత, ముందు ఉమ్మే సీను దగ్గర్నుంచి తీద్దాం, దానికి గొర్రెలు అక్కర్లేదు అన్నాడు. తమ్ముడి వేషంలో ఉన్న మనిషిని తెచ్చి నా ఎదురుగా నిలబెట్టారు. ఒంగోలు నాటక సమాజం మనిషి, నాకు పాత స్నేహితుడు, కళ్లు గట్టిగా మూసుకుని సిద్ధంగా ఉన్నాడు. కెమెరా వెనక రెండు ఇళ్ల ఆడవాళ్లూ కలిసి కూర్చుని ఉన్నారు. నేను చెయ్యనన్నాను.

డైరెక్టరు దగ్గరికొచ్చాడు. ఒక్కసారి చేసి పెట్టన్నా, రెండు రకాలుగానూ తీసి పెట్టుకుందాం, ఎడిటింగులో చూసుకుని వద్దనుకుంటే తీసేద్దాం అన్నాడు.

"ఒకసారి ఉమ్మితే అది ఎక్కడో ఒకచోట ఉంటుంది బాబూ," అన్నాను. "ఆయన వేషం నాకిచ్చినావు. ఆయన చెయ్యని పని ఆయన నోటితో నేను చెయ్యను. నువ్వు కావాలంటే వేరేవాళ్లను పెట్టుకో."

అనేశాను. తలపాగా తీసి కుర్చీలో పెట్టాను. ఇన్నాళ్ల ఆశ ఆ కుర్చీలో చుట్టచుట్టుకుని కూర్చుంది. డైరెక్టరు ముఖం ఎర్రబడింది. ఇక ఇవాళ్టికి చాలు, ఎవరి గొర్రెల్ని వాళ్లు ఏరుకుని తోలుకుపోండి అని ఆడవాళ్ల మీద అరిచాడు.

వాళ్లు మొదట ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత పైట సర్దుకున్న ముసలామె లేచి, ఏరడమేంది నాయనా, ఏవి ఎవరివో మాకే తెలీదు అంది. మా వైపు గొర్రెపిల్ల పుట్టిన కొన్నాళ్లకు చెవికి గాటు పెడతారు. ఇంటికో తీరు. ఒకరికి చెవి కొస కోసి ఉంటుంది, ఒకరికి పక్కన నొక్కు, ఒకరికి రెండు నొక్కులు. మందలు కలిసిపోతే చెవులు చూసి ఏరుకుంటారు. ఆమె రెండు మందల్లోంచి చేతికందిన గొర్రెల్ని పట్టుకుని చెవులు చూపించింది. అన్నిటికీ ఒకటే గాటు.

అది మందల తాత ఇంటి గాటట. ఆయన జైల్లో ఉన్నప్పుడు గొర్రెలు ఈనాయి. అన్న లేనప్పుడు పిల్లల్ని తనవి చేసుకున్నాడని ఎవరూ అనకుండా, తమ్ముడు పుట్టిన పిల్లలన్నిటికీ అన్న గాటే పెట్టాడు. తన గొర్రెలకు పుట్టినవాటికి కూడా. అన్న తిరిగొచ్చి దొడ్లో చూసుకుంటే ప్రతి పిల్ల చెవికీ తన గాటే ఉంది. అప్పటి నుంచి రెండు ఇళ్లకూ ఒకటే గాటు, మందను పిలిచే కేక కూడా ఒకటే. ఇక అవి చీలమంటే ఎట్ల చీలతాయి అని ఆమె నవ్వింది. ఈ సంగతి వాళ్లకు ఎంత మామూలైపోయిందంటే, కథ చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలని ఎవరికీ తోచలేదు.

డైరెక్టరు ఒక గొర్రె చెవి పట్టుకుని గాటు తడిమి చూశాడు. తర్వాత జీపు నీడన పోయి కూర్చున్నాడు. ఆడవాళ్లు సద్దిమూట విప్పి నాకు జొన్నరొట్టె పెట్టారు. పొట్ట సంగతి మర్చిపోయి తిన్నాను. చివరికి అతనే లేచొచ్చి తలపాగా తీసి నా చేతిలో పెట్టాడు. రేపు పొద్దున దొడ్లో తీద్దామన్నా, నువ్వు జైలు నుంచి వస్తావు, అతను ఒక పిల్లను ఎత్తుకొచ్చి నీకు చెవి చూపిస్తాడు, మాటలుండవు అన్నాడు. శత్రువు సంగతేంది అని అడిగాను. లేకపోతే మానె, ఇంతకంటే నేను రాయలేను అన్నాడు. ఆ కుర్రాణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాను. అతనికి నా మీసం ఊడి అంటుకుంది.

రాచర్ల దగ్గర ఎక్కే ఆ పెద్దాయన కంటి పొరకు ఆపరేషను చేయించుకుని ఆ రోజుల్లో ముండ్లమూరులో కూతురి దగ్గర ఉన్నాడు. ఇంట్లోవాళ్లు ఫోన్లో సంగతంతా చెప్పారు. తర్వాత ఆయన నల్లద్దాలు పెట్టుకుని బస్సెక్కినప్పుడు నేనూ చెప్పాను. అట్లనా నాయనా, మంచిది అన్నాడు. కానీ వెనక సీట్లోవాళ్లు ఊరుకుంటారా. సినిమావాళ్లు తీసేటప్పుడు ఒకటి తీస్తారు, చూపించేటప్పుడు ఒకటి చూపిస్తారు, కంప్యూటర్లో ఎవరి నోటితోనైనా ఏమైనా అనిపిస్తారు అని ఆయనకు నూరిపోశారు. పెద్దాయన అన్నీ విని తల ఊపాడు. ఎవర్ని నమ్మాడో నాకు అర్థం కాలేదు.

సినిమా పూర్తయ్యాక మొదటిసారి గిద్దలూరులో ఒక కల్యాణ మండపంలో వేశారు. మధ్యాహ్నం గనక కిటికీలకు షామియానా గుడ్డలు కట్టి చీకటి చేశారు. నా బస్సు జనమంతా వచ్చారు. పెద్దాయన అందరికంటే ముందొచ్చాడు. వెంట కొడుకులు, కోడళ్లు, మనవళ్లు, చంకలో పసిపిల్లలు. తెరకు ఎదురుగా మొదటి వరసంతా వాళ్లే కూర్చున్నారు. అంత దగ్గర కూర్చుంటే కళ్లు లాగుతాయి, ఆపరేషను కన్ను, వెనక్కి రమ్మన్నాను. పర్లేదు అన్నాడు. నేనూ పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

నన్ను తెర మీద చూసి జనం ఈలలు వేశారు. టికెట్, టికెట్ అని ఎవరో అరిచారు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. రాయి మీద కూర్చుని గార్డులతో మాట్లాడే సీనుకు హాలు హాలంతా చప్పుడు లేకుండా అయిపోయింది. తర్వాత జైలు తలుపులు తెరుచుకున్నాయి. నేను కంబళి భుజాన వేసుకుని ఊళ్లోకి నడిచొస్తున్నాను. దొడ్డి దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. నా పక్కన పెద్దాయన నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, తల వంచుకున్నాడు. ఆ వరసలో పెద్దవాళ్లందరూ అట్లే తల వంచుకుని కూర్చున్నారు.

"తల ఎత్తు పెద్దనాయనా," అన్నాను. "ఏమీ లేదు, చూడు."

ఆయన ఎత్తలేదు. నేను తువ్వాలు పట్టుకుని మెల్లగా పక్కకు లాగాను. తెర మీద తమ్ముడు గొర్రెపిల్లను ఎత్తుకొచ్చి చెవి చూపిస్తున్నాడు. నేను ఆ చెవి తడిమి, ఇంకో పిల్లను పట్టుకుని చూసి, ఇంకోదాన్ని చూసి, చివరికి తమ్ముడి భుజం మీద తల ఆనించాను. పెద్దాయన నోరు తెరుచుకుని అట్లే చూశాడు. ఒక కోడలు వెక్కివెక్కి ఏడ్చింది. పసిపిల్ల తెర మీది గొర్రెను చూసి మే అంది, హాలంతా నవ్వింది.

లైట్లు వేశాక ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, మా తాత ఇంత పొట్టి కాదులే అని తప్పుపట్టాడు. సరే, ఆ తప్పు డైరెక్టరు మీద వేశాను. తర్వాత ఆగలేక అడిగాను. చెప్పినా నమ్మలేదు, ఉమ్ముతాననే అనుకున్నావు, మరి ఇంటిల్లిపాదినీ తెచ్చి మొదటి వరసలో ఎందుకు కూర్చోబెట్టావు అన్నాను.

"ఊరంతా చూస్తాండగా మా తాతను అంటాంటే, ఆడ ఆయన ఒక్కడే ఉంటే ఎట్ల నాయనా," అన్నాడు. "పడితే అందరి మీదా పడనీలే అని తోలుకొచ్చినా."

ఆయన చేతులు రెండూ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పక్కన ఆయన మనవరాలు పిల్లను ఎత్తుకుని, రాచర్లకు బస్సు ఎన్నింటికి అని నన్నే అడిగింది.